పూర్ కింద ఇంకో మాట

ఆర్మూరుకు పసుపు తెచ్చే రైతుకు ఇంగ్లీషు రాదనుకుంటే పొరపాటే. వచ్చినవి నాలుగు మాటలే, కానీ ఆ నాలుగూ కంఠతా వచ్చు. ఫెయిర్ అంటే మొహం విప్పారుతుంది. బిలో యావరేజ్ అంటే తల గోక్కుంటాడు. పూర్ అంటే తువ్వాల దులుపుకుని, ఎంతకో అంతకు ఇచ్చేసి పోతాడు. రిజెక్ట్ అంటే మారుమాట లేకుండా బండి తిప్పుకుంటాడు.

ఆ మాటలు రాసే చెయ్యి గంగమణిది. ఊరి చివర ఒక మసాలా కంపెనీ వాళ్ల గోదాములో సరుకు చూసి రకం తేల్చడం ఆమె ఉద్యోగం. తక్కువ అని చెప్పే ఇంగ్లీషు మాటలు ఆమెకు పుస్తకంలో దొరికినవి కావు, ఒంటిమీద పడినవి. అమ్మ చుట్టిన బీడీల్లో సన్నవాటిని కార్ఖానాలో రిజెక్ట్ అని పక్కన పారేసేవారు. బడిలో ఆమె లెక్కల మార్కుల పక్కన పూర్ అని రాసేవారు. గల్ఫ్ మెడికల్‌లో అన్‌ఫిట్ అనిపించుకుని వచ్చిన అన్న, చాలా రోజులు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అందుకే గంగమణి ఏ రైతునూ ఉత్త మాటతో పంపదు. “సరుకు తగ్గింది కాకా, నువ్వు తగ్గలే” అంటుంది. ఆ ఒక్క ముక్కకే ఎంత కోపంతో ఉన్నవాడైనా ఇన్ని మంచినీళ్లు తాగి పోతాడు.

ఆ రోజు వరుసలో ముత్తెన్న మామ ఉన్నాడు. దొంకేశ్వర్ నుంచి అత్త పోచవ్వను వెంటబెట్టుకుని వచ్చాడు. నాన్న పోయాక గంగమణిని తన ఇంట్లో పెట్టుకుని డిగ్రీ దాకా చదివించిన మేనమామ. ముందున్న వాళ్లందరితో మేనకోడలు ఆ మాట అంటుంటే గర్వంగా మీసం దువ్వుకుంటూ విన్నాడు.

“మస్తు రంగొచ్చింది గదా బిడ్డా,” అన్నాడు తన వంతు రాగానే. ఆమె అడగనే లేదు.

గంగమణి ఒక కొమ్ము విరిచింది. లోపల నల్లగా, చచ్చిన రంగు. కళ్లంలో ఆరబోసిన పసుపు మీద చెడగొట్టు వాన పడ్డ గుర్తు అది. అంతవరకైతే సిగ్గేం లేదు, పూర్ అని రాస్తే సరిపోయేది. కానీ పైన మాత్రం పెళ్లికూతురి మొహంలా మెరిసిపోతోంది. పైన పటారం, లోన లొటారం. కొమ్మును గాజు గ్లాసులోని నీళ్లలో వేసింది. నిఖార్సైన పసుపు మెల్లగా దిగుతుంది. ఇది వేసీ వేయగానే పైన పూసిన రంగు గ్లాసంతా పాకేసింది.

ఆమె గ్లాసుకు అరచెయ్యి అడ్డం పెట్టింది. మామ ఆ చెయ్యిని చూశాడు.

“ఫెయిర్ అడుగుతలే బిడ్డా,” అన్నాడు దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి. “పూర్ అని రాయి, చాలు. ఎట్లయినా పొడి పడ్తరు గదా.”

ఆమె భయం కూడా అదే. పూర్ సరుకు నేరుగా మిల్లుకు పోయి, పొడై, పాకెట్టై ఎవరి వంటింటికో చేరుతుంది. అడిగేవాడు లేడు. ఉన్నదున్నట్టు రాస్తే మామ పేరు సాయంత్రానికల్లా కొనేవాళ్లందరి ఫోన్లలో తిరుగుతుంది. ఈ యేడే కాదు, వచ్చే యేడు కూడా ఆయన సంచి మూతి విప్పేవాడు ఆర్మూరులో ఉండడు. వెనక్కి తీసుకుపొమ్మంటే రేపు ఇంకో గోదాములో దించుతాడు. కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుందంటారు. ఆమె పని మింగలేక కక్కలేక అయింది.

“మేడమ్, దొంకేశ్వర్ లాట్ ఏమైంది? లారీ ఆగింది,” లోపలి నుంచి మేనేజరు భూపతి కేకేశాడు.

“ఒక్క నిమిషం సార్.”

“నీ ఇంగ్లీషు మా పసుపులకెల్లే వచ్చింది. యాదికున్నదా?” అన్నాడు మామ.

ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపమూ వచ్చింది. అన్నందుకు కాదు, అది నిజమైనందుకు. ఆయనతో మాట్లాడలేక అత్త వైపు తిరిగింది. ఆ ఇంట్లో పసుపు అంగడికి బయల్దేరక ముందే అత్త దోసెడు కొమ్ములు తీసి, దంచి, గడపకు పూస్తుంది. మిగిలింది కుండలో దాస్తుంది. గంగమణి పెళ్లికి నలుగు పెట్టింది కూడా ఆ కుండలో పసుపుతోనే.

“అత్తా, గీసారి గడపకు దీంట్లకెల్లే తీసినవా?”

పోచవ్వ మొగుడి వైపు చూసింది. తర్వాత తల దించుకుంది.

“రంగు కలపకముందే తీసిన బిడ్డా.”

ముత్తెన్న భార్య మీద చెయ్యెత్తబోయి దించేశాడు. గంగమణి కలం తీసి రాసింది.

“పూరే గదా?” అన్నాడు ఆయన.

“కాదు మామా.”

“రిజెక్టా?”

“కాదు.”

ఆయనకు తెలిసిన మాటలు అయిపోయాయి. “మరి గంతకన్న కింద ఇంకేమున్నది?”

“అడల్టరేటెడ్ అని రాసిన.”

“అంటే?”

ఇన్నేళ్లలో ఆమెను ‘అంటే’ అని అడిగినవాడు లేడు. చేదు మాత్రకు పైన తీపి పూత ఉన్నట్టు, ఇంగ్లీషు ఆమె తరఫున ఆ పని చేసి పెట్టేది. ఇప్పుడు మాత్రం తన నోటితోనే చెప్పాలి.

“కల్తీ, మామా.”

పోచవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. మామ మాత్రం కదల్లేదు, కోప్పడలేదు. మేనకోడలి మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. ఆయన దేనికోసం ఆగాడో గంగమణికి కాసేపటికి గానీ తెలియలేదు. పొద్దుటి నుంచీ అందరికీ అన్న మాట తనకూ అంటుందని ఎదురు చూస్తున్నాడు. సరుకు తగ్గింది, నువ్వు తగ్గలే. ఆ మాట గొంతు దాకా వచ్చింది. ఆమె అనలేకపోయింది.