బుధవారం ఒడి

చిలుకమ్మకు పుట్టిన ఒక్క బిడ్డా పురిట్లోనే పోయింది. మళ్లీ కడుపు పండలేదు. ఇక వాడకట్టు ఊరుకుంటుందా? ఆమె ఎదురైతే చాలు, బాలింతలు పసిపిల్లల మీద కొంగు కప్పేవారు. దిష్టి తగులుతుందట! వాళ్ల నోళ్లు పడిపోను, ఆ పిచ్చితల్లి ఒక్కసారి ఎత్తుకోవాలని చూసేది, అంతే.

బుధవారం సంగతి వేరు. డెబ్బైల చివర్లో వరంగల్‌లో ఆమె ఆయాగా ఉన్న చిన్న దవాఖానలో ఆ రోజు పసివాళ్లకు టీకాలు. సూదిని చూడగానే తల్లుల గుండె జారిపోయేది. "జర నువ్వు పట్టుకో చిలుకమ్మక్కా, నాతోని కాదు," అంటూ బిడ్డను ఆమె ఒళ్లో పెట్టి బయటికి ఉరికేవారు. నిన్న కొంగు కప్పినవాళ్లే! అక్కడ మాత్రం దిష్టి గుర్తుకు రాదు మరి. చిలుకమ్మ అదేమీ మనసులో పెట్టుకునేది కాదు. బిడ్డకు గరుకు తగలకూడదని, ఉతికి ఉతికి మెత్తబడిన పాత చీర కట్టుకొని వచ్చేది. గుక్కపట్టి ఏడుస్తుంటే "అయిపాయె, అయిపాయె నా తండ్రీ," అని గుండెకు హత్తుకునేది. వారమంతా ఆ కాసేపటి కోసమే బతికేది.

ఒక బుధవారం ఫాతిమా బేగం అనే పడుచు బాలింత బిడ్డకు పాలిస్తూ కూర్చుంది. చిలుకమ్మ చేతులు చాపితే, "ఇప్పుడే పాలు పట్టిండక్కా, ఇడిపిస్తే ఊకోడు," అంది. వెనక ఇంకా మంది ఉన్నారని నర్సు రాజేశ్వరి అలాగే సూది వేసేసింది. బిడ్డ ఉలిక్కిపడి, కుయ్యిమని, మళ్లీ పాలు తాగుతూ కళ్లు మూసుకున్నాడు. అంతే!

రాజేశ్వరి అప్పటికే మరిగే నీళ్లలోంచి ఇంకో సూది తీస్తోంది. ఆ తేడా గమనించింది చిలుకమ్మ ఒక్కతే. ఈ సంగతి తెలిస్తే ఇక ఏ తల్లీ బిడ్డను ఆమె ఒళ్లో పెట్టదు. నోరు మూసుకుంటే ఎవరికి తెలుస్తుంది?

ఇంతలో కట్టమ్మ అనే ఇంకో తల్లి తన కూతుర్ని ఒళ్లో పెట్టబోయింది. వెచ్చటి చిన్న తల మోచేతికి తగిలింది. చిలుకమ్మకు ఇన్నాళ్లూ తన ఒళ్లో ఏడ్చిన పిల్లలంతా గుర్తొచ్చారు.

"ఒద్దు బిడ్డా. నీ ఒళ్లనే పెట్టుకొని పాలియ్యి. సూది అంతగనం తెలువది దానికి," అంది. చేతులు వెనక్కి తీసుకుంది.

ఆ పిల్లా పెద్దగా ఏడవలేదు. "మంచిగుందే చిలుకమ్మా! ఇగ అందరికీ గిట్లనే చేద్దాం," అని రాజేశ్వరి మురిసిపోయింది.

ఆనాటి నుంచి చిలుకమ్మ పని దూది అందించడమే. వాడకట్టులో బాలింతలు ఎప్పటిలాగే కొంగులు కప్పుతున్నారు.

అయినా బుధవారం వస్తే ఆమె ఆ మెత్తటి చీరే కట్టేది. "గీ పాత చీర ఇంకెందుకే? నువ్వు పిల్లల పట్టేది లేదాయె," అంది రాజేశ్వరి ఒకనాడు.

"ఎవలికన్న పాలు పడకపోతే నా ఒళ్లెకే వస్తరు గద, సిస్టరమ్మా!"

అన్నాక గానీ తానేం కోరుకుంటోందో ఆమెకు తెలియలేదు. గబగబా చెంపలేసుకుంది. భద్రకాళి గుడి వైపు తిరిగి, తల్లులందరికీ పాలు నిండుగా పడాలని మొక్కుకుంది. మొక్కుతూనే ఏడ్చింది.