ఉరుముల్లో పెద్దమ్మ ఫోను

మా పెద్దమ్మ పోయింది. మొన్నటి గాలివానలో, పట్టపగలు, పినపాక దాటి అడవి మొదలయ్యే చోట ఉన్న తన ఇంట్లో, మంచం మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయింది. పిడుగుపాటుకు పోయిందని ఊళ్ళో కొందరన్నారు. పిడుగు పడలేదు. గుండె ఆగిందని దవాఖానాలో డాక్టరు చెప్పారు. అయినా ఆ చావుకూ ఉరుములకూ సంబంధం లేదని నేను గట్టిగా అనలేకపోతున్నాను.

ఆమె మా అమ్మకు అక్క. పెదనాన్న పోయాక కూడా రెండు గేదెలనూ మిరపచేనునూ తానే చూసుకునేది. ల్యాండ్‌ఫోన్ల కాలంలో ఊరంతటికీ ఆమె ఇంట్లోనే ఫోను ఉండేది. ఒకసారి వానలో ఆమె మా అమ్మతో మాట్లాడుతుండగా ఎక్కడో పడిన పిడుగు తీగ వెంట ఇంట్లోకి వచ్చింది. చేతిలో రిసీవరు ఎగిరిపడింది. మనిషి బతికింది గాని, ఎడమ చెవి మళ్ళీ వినలేదు.

అప్పటి నుంచి అడవి మీద మబ్బు నల్లబడితే చాలు, టీవీ, ఫ్రిజ్, మిక్సీ, అన్నిటి ప్లగ్గులూ పీకేసేది. కేబుల్ తీగ కూడా ఊడదీసేది. కుళాయి ముట్టేది కాదు, స్నానానికి పోయేది కాదు. గోడకు దూరంగా మంచం లాక్కుని, కాళ్ళు పైకి పెట్టుకుని చింతపండు గింజలు తీస్తూ కూర్చునేది. ఆఖరి ఉరుము తర్వాత కూడా కుండెడు అన్నం ఉడికేంతసేపు దిగేది కాదు.

"ఫ్రిజ్‌ల పాలు విరిగితే మళ్ళా పిండుకుంటం. మనిషి విరిగితే ఏం జేస్తం?" అనేది. వాకిట్లోంచి పక్కింటి అక్కను కేకేసి, "ఆ సీరియల్ రేపు గూడ వస్తది గాని, జల్దీ తియ్యి!" అని అరిచేది.

సెల్‌ఫోను విషయంలోనే మా ఇద్దరికీ పేచీ. ఉరుములు మొదలైతే దాన్ని కూడా ఆపేసి బియ్యం డబ్బాలో పెట్టేది.

"పెద్దమ్మా, సెల్లుకు తీగ లేదు గదా. ఛార్జింగ్‌కు పెట్టకుండ, ఇంట్ల కూసోని మాట్లాడితే ఏం గాదు" అన్నాను.

"అవ్, నువ్వు చెప్పింది నిజమే కావచ్చు బిడ్డా. నా చెవికి తెల్వదు గదా" అంది. మళ్ళీ తనే, "ఉరిమేటప్పుడు నాకు ఫోన్ చెయ్యకు. నేను చేసినా ఎత్తకు" అంది.

నేను నవ్వి సరేనన్నాను. ఆమె ఉరుముల్లో ఎందుకు చేస్తుంది?

మొన్న చేసింది.

పినపాకలో మా ఇంటి నెత్తి మీదికి అప్పటికే మబ్బు వచ్చింది. టీవీ ప్లగ్గు తీశాను, ఫ్రిజ్‌ది తీశాను. సెల్లు మాత్రం వంటింట్లో ఛార్జింగ్‌కు పెట్టి ఉంది, మరిచిపోయాను. కిటికీ అద్దాలు అదిరేలా ఒక ఉరుము ఉరిమింది. వెంటనే ఫోను మోగింది. తెర మీద పెద్దమ్మ పేరు.

చెయ్యి చాచాను. మళ్ళీ మెరిసింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తీగకు వేలాడుతున్న ఫోనును అప్పుడు ముట్టకూడదని నాకు తెలుసు. ఎత్తకని చెప్పింది కూడా ఆమే. చివరిదాకా మోగి ఆగిపోయింది. మళ్ళీ మోగలేదు.

ఉరుములు దూరమయ్యాక ప్లగ్గు పీకి నేనే చేశాను. ఎత్తింది పక్కింటి అక్క.

"ఏంది అక్కా, పెద్దమ్మ ఏది?"

"వాన తగ్గిందని ఇప్పుడే వచ్చిన. లేపితే లేస్తలేదు. ఫోను ఒళ్ళనే ఉన్నది. నువ్వు జల్దీ రా."

అప్పటి నుంచి నాకు ఏదీ తేలడం లేదు. గుండెలో నొప్పి వచ్చి నన్ను పిలిచిందా? "తీగలన్నీ తీసినవా అని అడగబోయి ఉంటది, గంతే" అంటారు మా ఆయన. ఉరుముల్లో ఆమె ఫోను పట్టడం తానెన్నడూ చూడలేదంటుంది పక్కింటి అక్క. తీగ లేకపోతే ఏమీ కాదన్న నా మాటను చివరికి నమ్మిందా? నమ్మి చేస్తే, నేను ఆమె మాట పట్టుకుని ఎత్తకుండా నిలబడ్డానా? ఎత్తి ఉంటే బతికేదా? వానలో ఆమె దగ్గరికి మనిషిని పంపేసరికే ఆలస్యమయ్యేదని డాక్టరు అన్నారు. ఆ మాట నా ఊరట కోసం చెప్పారో, నిజమే చెప్పారో అడిగే ధైర్యం రాలేదు. ఆమె నేర్పిన జాగ్రత్త తప్పు కాదు. నేను చెప్పిందీ తప్పు కాదు. రెండూ ఒప్పయినప్పుడు ఇలా ఎందుకు జరిగిందో నాకు అంతుపట్టడం లేదు.

చదివేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. మబ్బు పట్టగానే అన్నిటికంటే ముందు ఫోనును ఛార్జింగ్ నుంచి తీసి దగ్గర పెట్టుకోండి. ఎవరైనా పిలిస్తే ఎత్తగలగాలి.

నేను చేరేసరికి వాన పూర్తిగా వెలిసింది. గాలికి ఇంటి ముందు మామిడిచెట్టు కాయలన్నీ రాలి, వాకిలి నిండా బురదలో పచ్చగా పడి ఉన్నాయి. వాటిని ఏరే ధ్యాస ఎవరికీ లేదు. ఆమెను చూడ్డానికి వచ్చిన వాళ్ళంతా తలలు వంచుకుని, ఒక్క కాయనూ తొక్కకుండా, మెల్లగా అడుగులేస్తూ లోపలికి పోతున్నారు.