347347లో ఏముంది?

బంద్ అయిపోయి ఈరోజే మా దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ తెరిచారు. తెలంగాణ కోసం ప్రాణం తీసుకున్న మా విద్యార్థి సామాను తీసుకెళ్లడానికి పోచంపల్లి నుంచి వాళ్ల నాన్న వచ్చారు.

"సార్, మా పోరగాడు వాని రోల్ నంబరు 347347 మస్తు గొప్పదంటుండె. ఏముంది దాంట్ల?"

ఏ మూడంకెల సంఖ్యనైనా పక్కపక్కనే రెండుసార్లు రాస్తే, దాన్ని ఏడు, పదకొండు, పదమూడు నిశ్శేషంగా భాగిస్తాయి. ఏడుపు ఆపుకోవడానికి గబగబా చెప్పేశాను.

"జర నిమ్మళంగ చెప్పుండ్రి సార్. ఇంటికి పోయి వాళ్లమ్మకు చెప్పాలె."

బోర్డు మీద మొదటి నుంచి చేసి చూపించాను. ఆయన పెదాలు కదుపుతూ నేర్చుకున్నారు.

ఇన్నేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. రేపు హాజరు వేసేటప్పుడు 347346 తర్వాత ఏ నంబరు పిలవాలో తెలియడం లేదు. మీరైతే ఏం చేస్తారు?