ఇక ఫోన్ చేయవద్దు

ఎవరైనా "మీ గొంతు భలే ఉంటుందండీ" అని మెచ్చుకుంటే ఇప్పటికీ నాకు అక్కడ కూర్చోబుద్ధి కాదు. వాళ్లు మంచి మనసుతోనే అంటారు. నేనే ఏదో పని గుర్తొచ్చినట్టు అక్కడినుంచి లేచిపోతాను. ఎందుకో చెప్పాలంటే సంగారెడ్డిలో టీకాల ఆఫీసులో పనిచేసిన రోజుల గురించి చెప్పాలి.

జిల్లాలో ఏ ఊళ్లో ఎంతమంది పిల్లలకు టీకాలు పడ్డాయో, ఇంకా ఎంతమందికి పడాలో ఒకే తెరమీద చూపించే డాష్‌బోర్డు ఒకటి ఉండేది. దాన్ని మార్చి కొత్తగా తయారుచేయడానికి నన్ను కాంట్రాక్టు మీద తీసుకున్నారు. పాతదాన్ని చూసిన మొదటిరోజే నాకు తలనొప్పి పట్టుకుంది. పెళ్లి బ్యాండువాళ్ల కోట్ల మీద ఉన్నట్టు ఎక్కడలేని రంగులూ దానిమీదే ఉన్నాయి. కావాల్సింది తప్ప మిగతావన్నీ కనిపించేవి. ఆ విభాగానికి అధికారి అయిన మా సారు దాన్నే మీటింగుల్లో గోడమీద వేసి చూపించేవారు.

"ఎర్ర రంగు జెర తగ్గియ్యమ్మా, చూసినోళ్లు పరేషాన్ అయితుండ్రు," అన్నారు నాతో.

"రంగు తగ్గిస్తే పిల్లలకు టీకాలు పడ్తయా సార్?" అన్నాను. నా నోరు ఊరుకోదు. ఆయన నవ్వేశారు. మనిషి చెడ్డవాడు కాదు, మీటింగులంటే భయం, అంతే.

ఆ డాష్‌బోర్డుతో పాటు ఫోన్లు కూడా ఉండేవి. పాపకో బాబుకో టీకా వేళ కాగానే కంప్యూటరే తల్లికి ఫోన్ చేస్తుంది, రికార్డు చేసిన మాట వినిపిస్తుంది. వస్తామంటే ఒకటి నొక్కాలి, రామంటే రెండు. ఆ మాట ఎవరు చెప్పాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, బయటినుంచి మనిషిని పిలవడమెందుకని నన్నే చెప్పమన్నారు. టీకాల ఫ్రిజ్‌లున్న గదికి పక్కగది నిశ్శబ్దంగా ఉంటుందని అక్కడ కూర్చోబెట్టారు. అయినా ఆ ఫ్రిజ్‌ల మోత గోడలోంచి సన్నగా వస్తూనే ఉంది. "అమ్మా, నమస్కారం. మీ పాపకు తొమ్మిది నెలలు నిండాయి. తట్టు టీకా వేయించే సమయం వచ్చింది." ఇలా ఒక్కో వయసుకు ఒక్కో ముక్క, పాపకు వేరు, బాబుకు వేరు. నవ్వుతూ చెప్తే తల్లులకు భయం ఉండదన్నారు. అలాగే చెప్పాను.

కొత్త తెరలో నేను మొదట పట్టుకున్నది "వలస వెళ్లినవారు" అన్న గడిని. పటాన్‌చెరు చుట్టుపక్కల వలసలు మామూలే. బిహార్ నుంచీ ఒడిశా నుంచీ కంపెనీల్లో పనికి వస్తారు, కిరాయి గదుల్లో పిల్లలను కంటారు, కాంట్రాక్టరు మారగానే జిన్నారం వైపో ఇంకో వైపో సర్దుకుని వెళ్లిపోతారు. మొదటి టీకా ఇక్కడ పడిన పిల్లకు రెండోది ఎక్కడ పడిందో, అసలు పడిందో లేదో ఎవరికీ తెలియదు. అందుకే వలస అని నమోదైన ఇళ్లకు కూడా ఫోన్లు వెళ్తూనే ఉండేవి. ఎక్కడున్నా వింటారు, దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి పోతారు అని. ఆ ఆలోచనలో తప్పేమీ లేదు. వాళ్లు ఎటు పోయారో కూడా తెరమీద కనిపించాలని నేను పట్టుబట్టాను. అందుకోసం ఊళ్లు తిరగడం మొదలుపెట్టాను.

కర్దనూర్ దాటాక ఒక చిన్న ఊరుంది. ఆ ఊరి వలస గడిలో ఒక ఇల్లు నాకు అంతుపట్టలేదు. సొంత ఊరివాళ్లు, సొంత ఇల్లు. పాప ఒక్కతే వలస వెళ్లినట్టుంది. అమ్మమ్మగారింట్లో ఉంచి ఉంటారనుకుని, ఆ ఊరి ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని బయల్దేరాను. నాకంటే పెద్దది కాబట్టి అక్కా అని పిలిచేదాన్ని.

"గా ఇంటికెందుకు మేడం? వాళ్లు లేరు," అంది అక్క, సందు మొదట్లోనే నిలబడిపోయి.

"దండెం మీద బట్టలు ఆరేసి ఉన్నయి గదక్కా," అంటూ నేను వాకిట్లోకి నడిచాను. ఆమె నా చెయ్యి పట్టుకోబోయింది. అప్పటికే నేను పిలిచేశాను.

"అమ్మా, నమస్కారం."

బియ్యం చాట చేత్తో పట్టుకుని ఒక అమ్మాయి గుమ్మంలోకి వచ్చింది. మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుందని తర్వాత తెలిసింది. తలకు పెట్టుకునే టోపీ రబ్బరు గీత ఇంకా నుదుటి మీదే ఉంది. టీకాల ఆఫీసు నుంచి వచ్చానని, పాప ఎక్కడుందో కనుక్కుందామని నేను చెప్పుకుపోతున్నాను. ఆమె నా ముఖం చూడడం లేదు. తల వంచి, చెవి నా వైపు పెట్టి వింటోంది.

"నువ్వేనా?" అంది. "ఫోన్‌ల మాట్లాడేది నువ్వే గదా?"

గొంతు గుర్తుపట్టిందని నాకు ఒక్క క్షణం సంబరమేసింది. "అవును చెల్లె, నేనే," అన్నాను.

ఆమె చాట కింద పెట్టింది. ఏడవలేదు, అరవలేదు. ఏడ్చినా బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

"తొమ్మిది నెలలు నిండినయన్నవ్. అప్పటికే బిడ్డ లేదు. రెండు నొక్కిన. మల్ల చేసినవ్. రెండు నొక్కినకొద్ది ఇంకా జల్దీ జల్దీ చేస్తున్నవ్. నంబర్ మారి మారి వస్తది, కంపెనీల నుంచి అనుకుని ఎత్తుత. మొన్న పదహారు నెలలు నిండినయన్నవ్. ఉంటే నిండుతుండె, నిజమే. జెర బంద్ చెయ్యి అక్కా. నీకు దండం పెడ్త."

నిజంగానే రెండు చేతులూ జోడించింది. నేను ఏమన్నానో గుర్తులేదు. ఏదో అన్నాను, అనగానే ఆమె మొహం తిప్పుకుంది. నా మాట వినలేకపోతోందని అర్థమై నోరు మూసుకున్నాను. అక్క నన్ను బయటకు తీసుకొచ్చింది.

రెండు నొక్కితే టీకాకు ఒప్పుకోనివాళ్లని లెక్క. ఒప్పుకోని ఇళ్లకు ఎక్కువసార్లు ఫోన్ వెళ్తుంది. ఆ నియమం నేను రాకముందు నుంచే ఉంది, నాకూ సబబుగానే తోచింది. వద్దని ఆ తల్లి చెప్పిన ప్రతిసారీ ఆ ఫోను ఇంకా తొందరగా ఆమెను వెతుక్కుంటూ పోయింది.

సందు చివర గోడ నీడలో నిలబడి అక్క చెప్పింది. పాపకు జ్వరమొచ్చిందట, ఆస్పత్రికి తీసుకుపోయేలోపే అయిపోయిందట. "నమోదు చేద్దామనే ఫోన్ తీసిన మేడం. పుట్టినప్పుడు బట్టల చుట్టి మొదాలు నా చేతులకే ఇచ్చిండ్రు. ఇగ 'మరణం' అని ఉంటది గదా, దాని మీద వేలు పెట్టబుద్ధి కాలే. కిందనే 'వలస' అని ఉండె. గదే నొక్కిన."

"మరణం అని నొక్కితే ఫోన్లన్నా ఆగుతుండె గదక్కా?"

"ఆగుతుండె. గని ఎట్ల పోయిందో రాస్కునే టీమోళ్లు వస్తరు. ఆమెను ముందల కూసోబెట్టి, జరం ఎప్పుడొచ్చింది, పాలెప్పుడిచ్చినవ్, ఎందుకు తొందరగ తీస్కపోలేదు అని మొదటి నుంచి అడుగుతరు. ఎవ్వలనూ తేవద్దని నా కాళ్లు పట్టుకున్నది. గట్లెట్ల చేస్త?"

మా దగ్గర పసిపిల్ల పోతే దినాలూ గినాలూ చేయరు. పూడ్చి వచ్చి, స్నానం చేసి, తలుపు దగ్గరగా వేసుకుంటారు. ఆ తర్వాత ఇంట్లో ఆ ఊసు ఎత్తరు, వాడకట్టు కూడా ఎత్తదు. ఎత్తకపోవడమే ఆ తల్లికి అందరూ కలిసి చేసే మేలు. ఊరంతా నోరు కట్టుకుని ఉంటే, నేనొక్కదాన్ని ఆమెకు ఫోన్ చేసి బిడ్డ వయసు గుర్తుచేస్తున్నాను. ఆ పాప ఇంకెక్కడా లేదు, నా గొంతులో మాత్రం పెరుగుతోంది.

ఆఫీసుకు తిరిగి రాగానే ఆమె నంబరు నా చేత్తోనే తీసేశాను. మర్నాడు పొద్దున చూస్తే మళ్లీ అక్కడే ఉంది. పిల్లల వివరాల్లోంచి ఫోన్ల జాబితా రోజూ కొత్తగా తయారవుతుంది కాబట్టి తీసేసిన నంబరు వెనక్కి వచ్చి చేరుతోంది. మళ్లీ తీసేశాను, మళ్లీ వచ్చింది.

ఆ రోజుల్లో నేను ఫోన్ ఎత్తి "హలో" అనడం కూడా మానేశాను. అవతలివాళ్లు మాట్లాడేదాకా మౌనంగా ఉండేదాన్ని. ఒకసారి పటాన్‌చెరు వెళ్లే షేరింగ్ ఆటోలో నా ఎదురుగా కూర్చున్నామె ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టింది. "అమ్మా, నమస్కారం" అంటూ నేనే మాట్లాడాను, వెనక ఫ్రిజ్‌ల మోతతో సహా. ఆమె ఒళ్లో బాబు ఉన్నాడు, బొద్దుగా, బిస్కెట్ నములుతూ. ఆమె ఒకటి నొక్కి ఫోన్ సంచిలో వేసుకుంది. నేను కొంగుతో నోరు మూసుకుని దిగేదాకా అలాగే కూర్చున్నాను. డ్రైవరుకు చిల్లర ఇచ్చేటప్పుడు కూడా మాట్లాడలేదు.

చివరికి సారు దగ్గరికి వెళ్లి, కొత్త డాష్‌బోర్డులో ఒక బటన్ కావాలన్నాను. "ఇక ఫోన్ చేయవద్దు" అని. కారణం అడగదు, ఎవరినీ ఇంటికి పంపదు, ఆశా కార్యకర్త నొక్కితే ఆ ఇంటికి ఫోన్లు ఆగిపోతాయి, ఆ పిల్ల పేరు పాత గడిలోంచి తొలగిపోతుంది.

"కారణం లేకుంట ఎట్లనమ్మా?" అన్నారాయన. "పిల్ల చనిపోతే చనిపోయిందని రాయాలె. ఎందుకు పోయిందో తెల్వకపోతే ఇంకో పిల్లను ఎట్ల కాపాడుతం?"

ఆ మాట నిజం. అందుకే నాకు ఇంకా కోపమొచ్చింది. "రాయాల్సిందే సార్. గని ముందైతే ఆమెకు ఫోన్ ఆగాలె. నేను ఇంకొక్కసారి ఆ ఇంటికి ఫోన్ చెయ్యలేను," అన్నాను. నేను చేయడమేమిటని ఆయన అడగలేదు. పెట్టుకొమ్మన్నారు.

కొత్త డాష్‌బోర్డు మొదలైన రోజు ఆ బటన్ మొదట నొక్కింది అక్కే. మర్నాడు జాబితా తెరిచి చూశాను. ఆ తల్లి నంబరు లేదు. ఇంకోసారి వెతికాను, లేదు. అక్కకు ఫోన్ చేసి ఆగిపోయాయని చెప్పాను. "చల్లగుండు మేడం," అంది. నాకు ఏడుపొచ్చింది. ఒక్క పని సరిగ్గా చేశాననిపించింది.

మధ్యాహ్నం తెర చూస్తున్నప్పుడు వేరే ఊళ్లో ఇంకెవరో ఆ బటన్ నొక్కారు. తర్వాత ఇంకో ఊళ్లో. ఆశా కార్యకర్తలు ఒకరికొకరు చెప్పుకున్నట్టున్నారు. చూస్తుండగానే వలస గడిలో అంకె దిగడం మొదలైంది. టీ గ్లాసుతో వచ్చిన సారు నా వెనక నిలబడి చూసి సంతోషపడ్డారు.

"మంచిగైంది. వలస పోయినోళ్లు తిరిగొస్తుండ్రా?"

"లేదు సార్," అన్నాను. "వీళ్లెవ్వలూ ఏ ఊరికీ పోలే."

ఆయనకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. టీ తాగకుండానే కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. అంకె ఇంకా దిగుతూనే ఉంది. ఆ ఇళ్లన్నిటికీ నేను ఫోన్ చేశాను.