ఊరి బావిని వదులుకున్న మెంబరు

కడప జిల్లా బోర్డులో ఆడవాళ్లకని ఉంచిన ఒకే ఒక్క చోటులో నన్ను నియమించినప్పుడు, బడ్జెట్ అంటే ఏమిటో నాకు సరిగా తెలీదు. బళ్లో పాఠాలు చెప్పుకునేదాన్ని. అంతమంది మగవాళ్ల మధ్య గోడ పక్క కుర్చీలో కూచుని వినేదాన్ని.

ఆ ఏడు వానలు లేవు. మద్రాసు ప్రభుత్వం మా బోర్డుకిచ్చే గ్రాంటు తగ్గించింది. రాజంపేటలోని కాన్పుల ఆసుపత్రిని మూసేస్తేగానీ గడవదన్నాడు ప్రెసిడెంటు. నేను లేచి వద్దన్నాను. కొందరు నాతో కలిశారు. రోడ్ల పనులే ముందు కావాలనే వర్గం మాత్రం ఒప్పుకోలేదు. వాదనలు సాగి సాగి చివరికి వాళ్లే ఒక బేరం పెట్టారు. బద్వేలు అవతలి పల్లెలో తవ్వుతున్న తాగునీటి బావిని ఆపి, ఆ సొమ్ము రోడ్లకు మళ్లిస్తే, ఆసుపత్రిని ఉంచాలని చెయ్యెత్తి ఓటేస్తామన్నారు.

ఆ పల్లె మెంబరు ఓ పెద్దాయన, రైతు. బావి తవ్విస్తానని చెప్పే ఓట్లడిగాడు. తన ఊరి పని గనక ఆయన సరేనంటేనే బేరం కుదిరేది. అందరూ ఆయన్ని చూస్తుంటే ఆయన నా వైపు తిరిగాడు.

"ఆ ఆసుపత్రి మూసేస్తే, కాన్పు కష్టమైన ఆడోళ్లు యాడికి పోతారమ్మా?"

"ఎక్కడికీ పోలేరు. ఇంట్లోనే ప్రాణాలు పోతాయి," అన్నాను.

పైపంచె అంచు వేళ్లకు చుట్టుకుని విప్పాడు. తర్వాత చెయ్యెత్తాడు.

బయటికొచ్చాక దండం పెట్టాను. ఆయన ముఖంలో సంతోషం లేదు. ఊళ్లో ఈ మాట తానే చెప్పాలనీ, ఆడవాళ్లు అడిగితే ఆసుపత్రి సంగతి చెప్పడానికి నన్నూ రమ్మనీ అన్నాడు.

బండి కట్టించుకుని వెళ్లాను. సగం తవ్విన గుంత దగ్గర ఊరంతా చేరింది. ఆయన ప్రభుత్వాన్ని తిట్టలేదు, ప్రెసిడెంటును తిట్టలేదు. బావి ఆగిపోయిందనీ, ఆపింది తన చెయ్యేననీ, ఎందుకు ఆపాడో కూడా చెప్పాడు.

ఖాళీ బిందె చంకనపెట్టుకున్న ఒకామె ముందుకొచ్చింది.

"మన ఊరి నుంచి రాజంపేటకు కాన్పుకు ఎవురు పోతారప్పా?"

నేను ఏదో చెప్పబోతుంటే ఆయన వారించాడు.

"ఎవురూ పోరు తల్లీ. అంత దూరం పోలేరు. అది తెలిసే చేసినా."

మీకూ పనికొస్తుందిలే అని ఒక్క మాట అనుంటే సగంమంది చల్లబడేవాళ్లు. నేను చెప్పబోయింది సరిగ్గా అదే.

మర్నాడు ఆయన తన చేని బావి మీద ఎద్దులతో నీళ్లు తోడే కపిలను ఆపించాడు. ఏ కులమోళ్లయినా వచ్చి చేదుకోవచ్చన్నాడు. కంకి మీదున్న రాగి పైరు కళ్లముందే ఎండిపోయింది. సొంత అన్నదమ్ములే ఆ బావి నీళ్లు ముట్టడం మానేశారు.

ఆ ఎండల్లోనే ఒకసారి రాజంపేట ఆసుపత్రికి వెళ్లాను. మంచాలన్నీ నిండి ఉన్నాయి. దూదేకుల ఇంటి కోడలొకామె, అడ్డం తిరిగిన బిడ్డను క్షేమంగా కని నిద్రపోతోంది. ఆ బిడ్డను చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు.

తర్వాతి ఎన్నికల్లో ఊరు ఆయన్ని ఓడించింది. ఆయన బావి నీళ్లు తాగినవాళ్లే వేరే మనిషికి ఓటేశారు. బాధపడుతూ చూడబోతే, ఆయనే నన్ను కూచోబెట్టి మజ్జిగ ఇప్పించాడు.

"వాళ్లడిగింది ఊరి బావి. నేనిచ్చింది నా బావి. ఇంకొకరి దయ మీద తాగే నీళ్లు గొంతు దిగవమ్మా. వాళ్లు చేసింది న్యాయమే."

ఆసుపత్రికి ఇంకో నర్సు వచ్చిందా అని అడిగాడు. రాలేదన్నాను. ఈసారి బడ్జెట్లో గట్టిగా అడగమన్నాడు. ఆ నర్సు జీతం కోసం ఎవరి పని ఆపుతారో ముందే కనుక్కుని, ఆ ఊరికి నన్నే వెళ్లి చెప్పిరమ్మన్నాడు.