ఎదుటి పన్ను గురించి

ఆమె కింది పెదవిని వేలితో లాగి పట్టుకుని నాకు చూపించింది. ముందరి పళ్లు నాలుగూ సగానికి అరిగిపోయి, చిగుళ్ల మీద పసుపు గీతలా మిగిలాయి. చిక్కబళ్ళాపురం పూల మార్కెట్లో, పొద్దున తొమ్మిదింటికి, బుట్టల మధ్య. ఎందుకిలా అయిందని అడిగింది. నాకు తెలుసు. తెలియనట్టు మాట్లాడాను. ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఇదే. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

నేను ఒక కన్నడ దినపత్రికకు చాలాకాలం విలేకరిగా పనిచేశాను. ఇంట్లో తెలుగు, రాత కన్నడ. ఆంధ్ర సరిహద్దున ఉన్న ఈ కర్ణాటక తాలూకాల్లో చాలామంది సంగతి ఇంతే. ఒకసారి పింగాణీ పళ్ల మీద వ్యాసం రాయమన్నారు. చింతామణిలో కొత్తగా తెరిచిన పళ్ల క్లినిక్ చూసి, ఆ తర్వాత బాగేపల్లిలో అలాంటి పళ్లు తయారుచేసే నంజుండప్ప దగ్గరికి వెళ్లాను. ఆయన నా అరచేతిలో రెండు పళ్లు పెట్టాడు. ఒకటి గాజులా మెరుస్తోంది. రెండోదాన్ని నా ముందే మిషనుతో కొంచెం గీకాడు. రెండింటినీ గోటి మీద రుద్ది చూడమన్నాడు. మొదటిది జారిపోయింది. రెండోది నా గోటిని తెల్లటి పొడిగా రాల్చింది.

"గీకింది అరగదప్పా. దానికి తగిలే ఎదుటి పన్నును అరగదీస్తాది," అన్నాడు. "నోట్లో పెట్టినాక డాక్టరు గీకితే, మళ్లా నున్నగా పాలిష్ చేయాల్సిందే. ఈ మాట మటుకు పేపర్లో రాయప్పా."

నోటుపుస్తకంలో రాసుకున్నాను. వ్యాసంలో రాయలేదు.

ఎందుకు? చోటు చాలలేదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. నాకొక శీర్షిక దొరికింది: 'సవెయద హల్లు'. అరగని పన్ను అని అర్థం. రెండే మాటలు. ఎదుటి పన్ను సంగతి చేరిస్తే దాని మెరుపు పోతుందనిపించింది, ఆ మెరుపు మీద మోజుతో నా చేత్తోనే ఆ వాక్యాన్ని కొట్టేశాను. ఆఫీసులో శీర్షికను అందరూ మెచ్చుకున్నారు. సంతోషపడ్డాను కూడా.

నాకు పళ్లు చూపించిన లక్ష్మీదేవమ్మది మండికల్. మార్కెట్లో కూర్చుని పూలు కట్టి అమ్మేది; నేను పేపరువాణ్ణని ఆమెకు తెలుసు. మాల పూర్తయ్యాక దారాన్ని ముందరి పళ్లతో తెంపేది. బస్సు మెట్టు మీద జారిపడి పై పళ్లు రెండు విరగ్గొట్టుకుంది. కోడలు నా వ్యాసం చదివి తెలుగులో చెప్పిందట. అది నమ్మి చింతామణికి వెళ్లి పింగాణీ పళ్లు పెట్టించుకుంది. కొరికితే ఎత్తుగా తగులుతున్నాయంటే, డాక్టరు లోపలివైపు గీకి పంపించాడు. పాలిష్ చేయలేదు. చేయమని అడగాలని ఆమెకేం తెలుసు? తెలియజెప్పాల్సినవాణ్ణి నేను.

"ఏం పేపరప్పా, అరగదని రాసినావే," అంది ఆ పొద్దున. "నిజమే, అవి అరగలేదు. పైవి పెండ్లికూతురు పండ్ల మాదిరి ఉండాయి. కిందవి యాడికి పోయినాయప్పా?"

చుట్టుపక్కల పూలవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

"వయసు కదమ్మా. దారం కొరికి కొరికి అరిగుంటాయి."

"నలభై ఏండ్లు కొరికినా గదా. అప్పుడు అరగనివి ఈ మూడేండ్లలోనే అరిగినాయా?"

ఆమె నా ముఖంకేసి చూసి, మళ్లీ దారం అందుకుంది.

"పోనీలే. నీకు తెలిసింటే రాసిందువు లేప్పా."

ఆ మాటతో నన్ను వదిలేసింది. తిట్టి ఉంటే బాగుండేది. వ్యాసంలో వాక్యం కొట్టేయడం మోజు వల్ల జరిగిన తప్పు అనుకుందాం. మరి ఆ పొద్దున చెప్పిందేమిటి? నిజం చెప్పి ఉంటే ఆమె మర్నాడే వెళ్లి పైవాటిని నున్నగా చేయించుకునేది, కింద మిగిలిన సగమైనా నిలిచేది. నేను కాపాడుకున్నది నా పేరును. అరిగినవి మాత్రం ఆమె పళ్లు.

తర్వాత ఆమె మెడలో తాడుకు చిన్న కత్తెర కట్టుకుని వచ్చేది. ఇప్పుడు ఆమె చోట కోడలు కూర్చుంటోంది. ఆమె ఎలా ఉందని అడగడానికి రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ పూలు కొని తిరిగొచ్చాను.

ఆమె తెలుగులో అడిగింది. అందుకే తెలుగులోనే రాస్తున్నాను. రాస్తుంటే గుండె కొంచెం తేలికవుతోంది. ఆ తేలికకు నాకు హక్కుందా అంటే, తెలియదు.

పోయిన వారం చింతామణిలో ఆ క్లినిక్ ముందు నుంచి వెళ్తూ లోపలికి చూశాను. నా వ్యాసాన్ని పటం కట్టించి గోడకు తగిలించారు, అడుగున నా పేరుతో. దాని కింద ఇద్దరు తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. నేను లోపలికి వెళ్లలేదు. ఆ పటం ఇంకా అక్కడే ఉంది.