తొమ్మిది కవితల్లో ఎమిల్

వెర్లిన్ కవితల్ని ఊరి లైబ్రరీ వాళ్ళు చిన్న పుస్తకంగా అచ్చువేసి ఇచ్చిన రోజే, అతని భార్య ఆర్లిస్ దాన్ని వంటింటి బల్ల మీద పెట్టుకుని పెన్సిల్‌తో టిక్కులు పెడుతూ కూర్చుంది. మొత్తం నలభై ఒక్క కవితలు. వియత్నాం యుద్ధంలో వెర్లిన్ పక్కనే పోరాడి చనిపోయిన స్నేహితుడు ఎమిల్ తొమ్మిదింటిలో ఉన్నాడు. కూతురు ఐదింటిలో, కుక్క మూడింటిలో. గ్యాసు లారీ మీద ఒకటి, కారు అద్దం మీద మంచు గీకడం మీద ఒకటి. నలభై నాలుగేళ్ళు కాపురం చేసిన ఆర్లిస్ ఒక్కదానిలోనూ లేదు.

ఆదివారం చర్చిలో కాఫీ దగ్గర ఆడవాళ్ళు చుట్టూ చేరారు.

"ఇంట్లోనే కవిని పెట్టుకున్నావు, అదృష్టవంతురాలివే!"

ఆర్లిస్ నవ్వి, ఖాళీ కప్పులు పోగుచేసింది. తలలో మాత్రం ఒక కవితే తిరుగుతోంది. ఎమిల్ కమలాపండు తొక్కను తెగకుండా ఒకే చుట్టుగా ఒలిచేవాడట. యుద్ధం గురించి ఇంట్లో ఏనాడూ నోరు విప్పని వెర్లిన్, ఆ తొక్క గురించి ఊరందరికీ చెప్పాడు. ఆమెకు చెప్పలేదు.

ఇంటికి రాగానే అనేసింది. "ఆ ఎమిల్‌నే కట్టుకోవాల్సింది నువ్వు."

"చచ్చిపోయినవాడి మీద కుళ్ళేమిటి, ఆర్లిస్?"

"బతికున్నదాన్ని నేను కనబడకపోతే కుళ్ళు రాదా మరి?"

వెర్లిన్ టోపీ పెట్టుకుని షెడ్డులోకి వెళ్ళిపోయాడు. వారం రోజులు ఇద్దరి మధ్యా ఉప్పు అందుకో, తలుపు వెయ్యి అనే మాటలే.

అక్టోబరులో విస్కాన్సిన్ రాష్ట్రం నుంచి ఒక ముసలావిడ కారు నడుపుకుంటూ వచ్చింది. పేరు మార్సెల్లా, ఎమిల్ అక్క. పుస్తకం ఎలాగో ఆమె చేతికి చేరింది. ఆర్లిస్ ఆమెకూ వెర్లిన్‌కీ కాఫీ ఇచ్చింది, ఓవెన్‌లో కాల్చిన బంగాళదుంపల కాసరోల్ వడ్డించింది. ఎమిల్ ముక్కు, ఎమిల్ నవ్వు ఇలాగే ఉండేవేమో అనుకుంటూ ఆ మొహాన్నే చూసింది. పెళ్ళికి ముందు మొగుడితో తిరిగిన అమ్మాయి ఎదురుగా కూర్చున్నట్టుంది ఆమెకు.

మార్సెల్లా సంచిలోంచి పాత ఉత్తరం తీసింది. "మా తమ్ముడి ఆఖరి ఉత్తరం ఇది. ఆర్లిస్ అంటే మీరేనా?"

"నేనే. ఏం?"

"మీ గురించే రాశాడు. మీరే చదవండి."

ఆర్లిస్ కళ్ళజోడు పెట్టుకుంది. 'అక్కా, ఇక్కడ వెర్లిన్‌కి ఆర్లిస్ అనే అమ్మాయి ఉత్తరాలు రాస్తుంది. పాలకేంద్రంలో ఎవరు ఎవరితో పోట్లాడారో, వాళ్ళ పెదనాన్న ట్రాక్టరు ఎలా బురదలో దిగబడిందో అన్నీ రాస్తుంది. వాడు పైకి చదువుతాడు, మేమంతా పడీ పడీ నవ్వుతాం. నాకు అలా రాసేవాళ్ళు ఎవరూ లేరు. నిజం చెప్పాలంటే వాడంటే నాకు అసూయ.'

ఆమె మళ్ళీ మొదటి నుంచి చదివింది. తన పంతొమ్మిదేళ్ళప్పటి రాతను ఎవరెవరో మగపిల్లలు విన్నారని సిగ్గేసింది, కోపమొచ్చింది. తనలాగే ఎమిల్‌కీ కుళ్ళు ఉండేదా అనుకుంటూ ఉత్తరాన్ని పాత మడతల వెంటే మడిచింది.

"నా ఉత్తరాలు అందరికీ చదివి వినిపించావా?" అంది వెర్లిన్ వైపు తిరిగి.

"వాళ్ళు అడిగేవాళ్ళు." అతను తల దించుకున్నాడు. "నీ గురించి ఎన్నోసార్లు రాయబోయాను. ఆ ఉత్తరాల ముందు నా రాత చప్పగా ఉండేది. చించేశాను."

"చించేముందు నాకు చూపించొచ్చుగా!"

మార్సెల్లా గట్టిగా నవ్వింది. ఆర్లిస్‌కి నవ్వు రాలేదు, కానీ ఆమెను ఆ పూట వెళ్ళనివ్వలేదు. పక్క గదిలో మంచం వేసింది.

ఆ చలికాలం వెర్లిన్ భార్య మీద పన్నెండు పంక్తులు రాశాడు. ఆమె రెండు తప్పులు దిద్దింది: కోటు ఎరుపు కాదు, నీలం, ట్రాక్టరు నాన్నది కాదు, పెదనాన్నది. ఆ కవితను ఇద్దరూ ఇంకెవరికీ చూపించలేదు. తప్పులు దిద్దిన మధ్యాహ్నమే ఆర్లిస్ కొత్త కాగితాల కట్ట కొనుక్కొచ్చి, విస్కాన్సిన్‌లోని మార్సెల్లాకి నాలుగు పేజీల ఉత్తరం రాసింది. ఏం రాశావని వెర్లిన్ అడిగితే చేత్తో అడ్డం పెట్టుకుంది.